520001, 522001: బెజవాడ, గుంటూరు పిన్‌కోడ్‌ల గణితం – తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ వన్‌టౌన్‌లో ఇంటికి ఉత్తరం చేరాలంటే కవరు మీద 520001 ఉండాలి. గుంటూరు కొత్తపేటకైతే 522001. ఆరంకెల్లో మూడో అంకె ఒక్కటే తేడా. ట్యూషన్‌లో పిల్లలకి కారణాంకాలు చెప్పేటప్పుడు పుస్తకంలోని చిన్న సంఖ్యలు అయిపోగానే నేను ఈ రెండూ బోర్డు మీద రాస్తాను. పిల్లలు అడిగినవి, వాళ్ళని తీసుకెళ్ళడానికి వచ్చిన పెద్దవాళ్ళు గుమ్మంలో నిలబడి అడిగినవి ఇక్కడ ఒకచోట పెట్టాను. లెక్కలన్నీ కాగితం, పెన్నుతో చేయదగ్గవే. చదువుతూ చేసి చూసుకోండి, అప్పుడే వీటి రుచి తెలుస్తుంది.

పిన్‌కోడ్ అంటే చిరునామాకి పెట్టిన గుర్తు కదా. దానికి గణిత ధర్మాలేమిటి?

గుర్తుగానే పెట్టారు. మన దేశంలో పిన్ విధానం 1972 ఆగస్టు 15న మొదలైంది. దాన్ని రూపొందించినది కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో పనిచేసిన శ్రీరామ్ భికాజీ వేలంకర్. మొదటి అంకె 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక. మొదటి మూడంకెలు కలిపి ఉత్తరాలు వేరుచేసే జిల్లాని చెబుతాయి, చివరి మూడూ బట్వాడా చేసే పోస్టాఫీసుని చెబుతాయి. ఇందులో ఎక్కడా కూడికలూ గుణకారాలూ లేవు.

అయినా 520001 అని రాశాక అది ఒక పూర్ణ సంఖ్య. ఎవరు ఎందుకు రాశారన్నదానితో దాని కారణాంకాలకి సంబంధం లేదు. పోస్టాఫీసువాళ్ళు 331 అనే సంఖ్యని ఎంచుకోలేదు, కానీ 331 అందులో ఉంది. నన్ను ఈ లెక్కల వైపు లాగేది అదే.

520001 ప్రధాన సంఖ్యేనా? చూస్తే అలాగే ఉంది.

కాదు. 520001 = 331 × 1571. ఈ రెండూ మాత్రం ప్రధాన సంఖ్యలే.

చూడగానే ప్రధాన సంఖ్య అనిపించడం సహజం. చివర 1 ఉంది కాబట్టి 2తో, 5తో పోదు. అంకెల మొత్తం 8 కాబట్టి 3తో పోదు. 7, 11, 13 మూడింటికీ కలిపి ఒకే పరీక్ష ఉంది. 7 × 11 × 13 = 1001. కాబట్టి మొదటి మూడంకెల సంఖ్యలోంచి చివరి మూడంకెల సంఖ్య తీసేసి, వచ్చినదాన్ని చూస్తే సరిపోతుంది. 520 − 1 = 519. దీన్ని 7తో భాగిస్తే 1 మిగులుతుంది, 11తో 2, 13తో 12. మూడూ పోలేదు.

అక్కడి నుంచి 17, 19, 23 అంటూ ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ పోవడమే. ఎక్కడిదాకా అంటే వర్గమూలం దాకా. 721 × 721 = 519841, 722 × 722 = 521284. అంటే 721 దాటి వెతకనక్కర్లేదు, ఎందుకంటే రెండు కారణాంకాలూ 721 దాటితే లబ్ధం 520001ని మించిపోతుంది. 721 లోపు ప్రధాన సంఖ్యలు 128 ఉన్నాయి. వాటిలో 331 అనేది 67వది. కాబట్టి సగం దారి దాటాక గానీ జవాబు దొరకదు.

దారిలో పిల్లలు ఒక సంగతి గమనిస్తారు. 29తో భాగిస్తే 2 మిగులుతుంది. 43తో భాగిస్తే మళ్ళీ 2. 139తో కూడా 2. ఇది కాకతాళీయం కాదు. రెండు తక్కువగా ఉన్న 519999ని విడగొడితే 3 × 29 × 43 × 139 వస్తుంది. అందుకే ఆ ప్రధాన సంఖ్యలన్నీ 520001 దగ్గరికి వచ్చేసరికి రెండేసి మిగులుస్తాయి. శేషాలన్నీ వరసగా రాసి ఉంచుకోమని నేను చెప్పేది ఇందుకే. ఒక సంఖ్య కోసం చేసిన శ్రమ దాని చుట్టుపక్కల సంఖ్యలన్నింటికీ పనికొస్తుంది.

చివరికి 331 దగ్గర: 331 × 1500 = 496500, మిగిలింది 23501. 331 × 71 = 23501. శేషం సున్నా. ఇక 1571 ప్రధాన సంఖ్యేనని తేల్చుకోవడానికి 37 వరకు చూస్తే చాలు. ఏదీ పోదు.

ఇంకోలా విడగొట్టవచ్చా? వేరే కారణాంకాలు వస్తాయేమో?

రావు. పదో తరగతిలో చెప్పే అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం ఇదే. వరస మారవచ్చు గానీ ప్రధాన కారణాంకాలు మారవు. 520001 టైల్స్‌ని మిగలకుండా దీర్ఘచతురస్రంగా పరచాలంటే, ఒకే వరసగా పేర్చడం కాక 331 వరసలు, వరసకి 1571 అన్న ఏర్పాటు ఒక్కటే ఉంది.

ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో భాగించడం కాకుండా దగ్గరి దారి లేదా?

ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా చెప్పిన పద్ధతి ఒకటి ఉంది. సంఖ్యని రెండు వర్గాల తేడాగా రాయగలిగితే కారణాంకాలు వాటంతటవే వస్తాయి. 722 వర్గంలోంచి 520001 తీస్తే 1283, అది వర్గం కాదు. 723 వర్గంలోంచి తీస్తే 2728, అదీ కాదు. ఇలా పోతూ పోతూ 951 దగ్గరికి వస్తే:

951² − 520001 = 904401 − 520001 = 384400 = 620²

అంటే 520001 = 951² − 620² = (951 − 620) × (951 + 620) = 331 × 1571.

ఇది 230వ ప్రయత్నం. భాగాహారమైతే 67వ దానికే దొరికింది. కాబట్టి ఈ సంఖ్యకి ఇది దగ్గరి దారి కాదు. రెండు కారణాంకాలూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నప్పుడే ఈ పద్ధతికి బలం. రహస్య సంకేతాల కోసం పెద్ద ప్రధాన సంఖ్యలు ఎంచుకునేవాళ్ళు రెండూ మరీ దగ్గరగా లేకుండా చూసుకునేది ఈ పద్ధతికి దొరక్కూడదనే.

గుంటూరు 522001 సంగతి?

అదీ సరిగ్గా రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమే. 522001 = 109 × 4789. ఇక్కడ త్వరగా తేలుతుంది, 109 అనేది 29వ ప్రధాన సంఖ్య. కానీ ఫెర్మా పద్ధతిలో వెళ్తే 2449² − 2340² దాకా పోవాలి, అంటే 1727 ప్రయత్నాలు. ఒకే పద్ధతి అన్ని సంఖ్యలకీ ఎందుకు నప్పదో చెప్పడానికి ఈ జంటకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

రెండు పిన్‌లకీ గసాభా (రెండింటినీ భాగించే అతిపెద్ద సంఖ్య) ఎంత?

1. తేడా 2000. రెండింటినీ భాగించేది ఏదైనా 2000ని కూడా భాగించాలి. 2000లో ఉన్న ప్రధాన కారణాంకాలు 2, 5 మాత్రమే, అవి ఈ రెంటిలోనూ లేవు. కారణాంకాలు తెలియకుండానే ఈ జవాబు చెప్పొచ్చు.

అయితే రెండూ ఒకే రకం సంఖ్యలన్నమాట?

పైకి చూస్తే అంతే. రెండూ బేసి సంఖ్యలు, రెండూ 4తో భాగిస్తే 1 మిగిలేవి, రెండింటికీ రెండేసి ప్రధాన కారణాంకాలు. కానీ రెండు వర్గాల మొత్తంగా రాయమంటే దారులు వేరవుతాయి. గుంటూరు పిన్‌ని రెండు విధాలుగా రాయొచ్చు:

522001 = 676² + 255² = 456976 + 65025
522001 = 585² + 424² = 342225 + 179776

బెజవాడ పిన్‌ని ఒక్క విధంగా కూడా రాయలేం. ఎంత వెతికినా దొరకదు. ‘ఇంకా దొరకలేదు’ అనడం వేరు, ‘దొరకదు’ అని నిరూపించడం వేరు. ఈ సంఖ్యల్లో నేను పిల్లలకి అన్నిటికంటే ముఖ్యంగా చూపించాలనుకునేది ఈ ఒక్క సంగతి.

కారణం లోపలి ప్రధాన సంఖ్యల్లో ఉంది. 109, 4789 రెండూ 4తో భాగిస్తే 1 మిగిల్చేవి. 331, 1571 రెండూ 3 మిగిల్చేవి. 3ని 3తో గుణిస్తే 9, దాన్ని 4తో భాగిస్తే 1. అందుకే లబ్ధాన్ని మాత్రమే చూసేవాళ్ళకి బెజవాడ పిన్ కూడా గుంటూరు పిన్ లాగే కనిపిస్తుంది. విడగొడితే తప్ప బయటపడదు.

దొరకదని ఎలా నిరూపిస్తారు?

కొంచెం ఓపిక పట్టండి, ఇది తొమ్మిదో తరగతి పిల్లలు కూడా అందుకున్న నిరూపణ.

క² + ఖ² = 520001 అయ్యే పూర్ణ సంఖ్యలు క, ఖ ఉన్నాయనుకుందాం. అప్పుడు క² + ఖ² అనేది 331తో నిశ్శేషంగా పోవాలి. ముందుగా, 331 అనేది క, ఖలలో దేన్నీ భాగించదనుకుందాం. 331తో భాగించినప్పుడు వచ్చే శేషాల పరంగా క² అనేది −ఖ²తో సమానం. రెండు వైపులా 165వ ఘాతానికి పెంచుదాం. ఎడమవైపు క 330వ ఘాతం వస్తుంది. 165 బేసి కాబట్టి కుడివైపు రుణ గుర్తు అలాగే ఉండిపోయి, ఖ 330వ ఘాతానికి ముందు మైనస్ నిలుస్తుంది.

ఇప్పుడు ఫెర్మా చిన్న సిద్ధాంతం వాడాలి. 331తో పోని ఏ సంఖ్యనైనా 330వ ఘాతానికి పెంచి 331తో భాగిస్తే 1 మిగులుతుంది. అంటే ఎడమవైపు శేషం 1, కుడివైపు −1, అంటే 330. ఈ రెండూ సమానం కావు. కాబట్టి మన ఊహ తప్పు, 331 వాటిలో ఒకదాన్ని భాగించి తీరాలి. ఒకదాన్ని భాగిస్తే మొత్తాన్ని కూడా భాగిస్తోంది కాబట్టి రెండోదాన్నీ భాగిస్తుంది. అప్పుడు క² + ఖ² మొత్తం 331 వర్గంతో, అంటే 109561తో పోవాలి. కానీ 520001లో 331 ఒక్కసారే ఉంది. 109561తో భాగిస్తే 81757 మిగులుతుంది. కుదరలేదు.

165 బేసి కావడమే ఇక్కడ కీలకం. 109కి ఇదే వాదన ప్రయత్నిస్తే సగం 54 సరి సంఖ్య, మైనస్ గుర్తు మాయమైపోతుంది, వాదన అక్కడే ఆగిపోతుంది. 4తో భాగిస్తే 1 మిగిల్చే ప్రతి ప్రధాన సంఖ్యనీ రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చని ఫెర్మా 1640 డిసెంబరు 25న మెర్సెన్‌కి రాసిన ఉత్తరంలో చెప్పాడు. నిరూపణ మాత్రం ఆ తర్వాత వందేళ్ళకి ఆయిలర్ ఇచ్చాడు.

గుంటూరు పిన్‌కి ఆ 676, 255 ఎలా పట్టుకున్నారు?

వెతకలేదు, కట్టాను. ముందు విడి ప్రధాన సంఖ్యల్ని రాసుకోవాలి. 109 = 10² + 3². ఇది చూడగానే తెలుస్తుంది. 4789కి కాస్త పని ఉంది. 69 వర్గం నుంచి ఒక్కొక్కటే దిగుతూ మిగిలింది వర్గమేనా అని చూసుకుంటే 55 దగ్గర దొరుకుతుంది: 4789 − 3025 = 1764 = 42².

ఇక ఈ రెంటినీ కలపాలి. 10 × 55 = 550, 3 × 42 = 126. కూడితే 676, తీసేస్తే 424. మరోవైపు 10 × 42 = 420, 3 × 55 = 165. తీసేస్తే 255, కూడితే 585. ఒకచోట కూడితే రెండోచోట తీసేయాలి, అంతే నియమం. రెండు జవాబులూ ఒకే చోట నుంచి వచ్చాయి.

రెండు వర్గాల మొత్తాల్ని గుణిస్తే మళ్ళీ రెండు వర్గాల మొత్తమే వస్తుందన్న సంగతి గ్రీకు గణితజ్ఞుడు డయోఫాంటస్‌కి తెలుసు. దీన్ని ఇంకా విస్తృత రూపంలో చెప్పి, దానితో కష్టమైన సమీకరణాలు సాధించినవాడు బ్రహ్మగుప్తుడు. ఆయన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం 628 నాటిది. మన పాఠాల్లో ఈ సూత్రానికి దక్కవలసినంత చోటు దక్కలేదని నా అభిప్రాయం.

దీనికి ఇంకో ఫలితం కూడా ఉంది. 522001 కర్ణంగా లంబకోణ త్రిభుజం గీయొచ్చు. మిగతా భుజాలు 391951, 344760. 520001 కర్ణంగా భుజాలన్నీ పూర్ణ సంఖ్యలయ్యే లంబకోణ త్రిభుజం ఒక్కటీ లేదు.

మాది కృష్ణలంక. మా పిన్ ఎలాంటిది?

520013 చక్కని సంఖ్య. 520 అనేది 13 × 40 కాబట్టి చూడగానే 13 × 40001 అని చెప్పేయొచ్చు. 40001 = 13 × 17 × 181. మొత్తం కలిపి 13² × 17 × 181. అన్నీ 4తో 1 మిగిల్చేవే. పైగా 13 = 3² + 2², 40001 = 200² + 1². పైన చెప్పినట్టు కలిపితే 602² + 397², 598² + 403² రెండూ వస్తాయి. కూడి చూసుకోండి.

గవర్నర్‌పేట 520002 = 2 × 3² × 7 × 4127. గాంధీనగర్ 520003 = 11 × 41 × 1153. ఇందులో 11 పోతుందని ఒకటి విడిచి ఒకటి అంకెలు కూడితేనే తెలుస్తుంది: 5 + 0 + 0 = 5, 2 + 0 + 3 = 5. ఆటోనగర్ 520007 = 23² × 983.

520001 అంకెలు కూడితే 8 వస్తుంది. అది మంచిది కాదంటారు కదా?

బండి నంబరు అంకెలు కూడి చూసుకునే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది కాబట్టి ఈ ప్రశ్న ప్రతి ఏడూ వస్తుంది. అంకెల మొత్తం చెప్పేది ఒక్కటే, 9తో భాగిస్తే ఎంత మిగులుతుందన్నది. 520001ని 9తో భాగిస్తే 8, 522001ని భాగిస్తే 1. 10ని 9తో భాగిస్తే 1 మిగులుతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. మనం పదుల్లో లెక్కపెట్టడం వల్ల వచ్చిన సౌకర్యం ఇది. అదే సంఖ్యని కంప్యూటర్ 1111110111101000001 అని రాసుకుంటుంది. అప్పుడు అంకెల మొత్తం 12. రాసే పద్ధతి మారితే మారిపోయేది సంఖ్య గుణం కాదు. 331 × 1571 అన్నది మాత్రం ఏ పద్ధతిలో రాసినా మారదు.

520001 కంటే చిన్నవాటిలో దానితో పరస్పర ప్రధాన సంఖ్యలు (1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి) ఎన్ని?

518100. 1 నుంచి 520001 వరకు 331 గుణిజాలు 1571, 1571 గుణిజాలు 331, రెంటిలోనూ ఉన్నది 520001 ఒక్కటే. 1571 + 331 − 1 = 1901 తీసేస్తే మిగిలేవి అన్నీ అలాంటివే. 330 × 1570 చేసినా అదే వస్తుంది.

వీటివల్ల నిజ జీవితంలో ఉపయోగం ఉందా?

ఉంది. బెజవాడ పిన్‌లాంటి సంఖ్యలకి, అంటే 4తో 3 మిగిల్చే రెండు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధాలకి, బ్లమ్ సంఖ్యలని పేరు. లెనోర్ బ్లమ్, మాన్యుయెల్ బ్లమ్, మైకేల్ షబ్ 1986లో ఇలాంటి సంఖ్యలతో ఊహకందని అంకెల వరస పుట్టించే పద్ధతి ప్రచురించారు. చేసే పని చాలా చిన్నది: వర్గం చేయి, 520001తో భాగించు, శేషం తీసుకుని మళ్ళీ వర్గం చేయి.

1000తో మొదలుపెడితే వరసగా 479999, 116927, 57037, 93113, 54096 వస్తాయి. ఒక్కోటి బేసి అయితే 1, సరి అయితే 0 రాసుకుంటూ పోవాలి. ముందుకు వెళ్ళడం ఎవరికైనా తేలికే. 54096 చూపించి వెనక్కి 93113కి రమ్మంటే, 331, 1571 తెలిసినవాళ్ళకి దారి ఉంది. సంఖ్య నిజంగా పెద్దదై, కారణాంకాలు తెలియకపోతే ఆచరణలో దారి లేదు.

1977లో రివెస్ట్, షమీర్, ఆడల్‌మన్ తయారుచేసిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతికి ఆధారం కూడా ఈ కష్టమే. వెబ్‌సైట్ల భద్రతకి వాడే పద్ధతుల్లో అదొకటి. అక్కడ వాడే సంఖ్యలకి తరచుగా 617 అంకెలు ఉంటాయి. ఇలాంటి సంఖ్యల్ని విడగొట్టే పోటీ కోసం ప్రకటించినవాటిలో 250 అంకెలదాన్ని 2020లో ఎంతో కంప్యూటర్ శ్రమతో విడగొట్టగలిగారు.

ఆరంకెల సంఖ్యని పెద్ద సంఖ్య అనొచ్చా?

చేత్తో విడగొట్టేవాళ్ళకి పెద్దదే. యంత్రానికి కాదు. 2024 అక్టోబరులో ప్రకటించిన ప్రధాన సంఖ్యకి 41024320 అంకెలున్నాయి. అది 2ని 136279841 సార్లు గుణించి 1 తీసేస్తే వచ్చేది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. ప్రధాన సంఖ్యా కాదా అని తేల్చడం వేరు, కారణాంకాలు పట్టుకోవడం వేరు. మొదటిదానికి వేగమైన, అనుమానానికి తావులేని పద్ధతి ఉందని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా నిరూపించారు. అప్పటికి కయాల్, సక్సేనా బీటెక్ పూర్తిచేసిన కుర్రవాళ్ళు. ఈ మాట చెప్పినప్పుడు వెనక బెంచీల్లో పిల్లలు కూడా తలెత్తి చూస్తారు. రెండోదానికి, మామూలు కంప్యూటర్ల మీద నడిచే అంత వేగమైన పద్ధతి ఇప్పటికీ ఎవరికీ దొరకలేదు.

ఫోన్ క్షణంలో చెప్పేస్తుంటే చేత్తో ఎందుకు?

ఫోన్ 331 × 1571 అని చెబుతుంది. 29, 43, 139 ఎందుకు రెండేసి మిగిల్చాయో అడగాలని మనకి తోచాలంటే ఆ శేషాలు మన చేత్తో రాసి ఉండాలి. ర్యాంకుల హడావుడిలో ఉన్న పిల్లలకి ఇంత తీరిక లేదని నాకు తెలుసు. ఆదివారం ఒక గంట చాలు.

మా ఊరి పిన్ తీసుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు 2, 3, 5 ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు తీసేయండి. ఇంకా ఆరంకెలు మిగిలితే మొదటి మూడింటిలోంచి చివరి మూడు తీసేసి 7, 11, 13 ఒకేసారి చూడండి. మిగిలినదాని వర్గమూలం దాకా ప్రధాన సంఖ్యల పట్టిక దగ్గర పెట్టుకుని శేషాలు వరసగా రాయండి. ఒక కారణాంకం దొరికినప్పుడల్లా కొత్త వర్గమూలం లెక్కగట్టుకుంటే పని బాగా తగ్గుతుంది.

అంతా విడిపోయాక ఒక్కో బేసి కారణాంకం పక్కన 4తో భాగిస్తే వచ్చే శేషం రాయండి. 3 వచ్చిన ప్రతి ప్రధాన సంఖ్యా సరిసార్లు ఉంటే ఆ పిన్‌ని రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు, ఒక్కటి బేసిసార్లు ఉన్నా రాయలేం. ఆటోనగర్‌లో 23 రెండుసార్లు ఉంది కాబట్టి దానివల్ల ఇబ్బంది లేదు. 983 మాత్రం ఒక్కసారే ఉంది, 4తో భాగిస్తే 3 మిగులుస్తుంది. కాబట్టి 520007కి కుదరదు.